భామ జడ ఎవరిది?

కళాశాలల సాహిత్య సభల్లో ‘భామాకలాపం’ మీద విద్యార్థులు చదివిన వ్యాసాలు చాలా విన్నాను. దాదాపు అన్నీ ఒకేచోట ముగుస్తాయి: సత్యభామ గర్వం అణిగింది, జీవాత్మ పరమాత్మను చేరింది. ఈ తీర్మానం ఎవరికి అనుకూలమైనదో మాత్రం ఎవరూ అడగరు.

తెర మీదుగా జడ వేసి సభను సవాలు చేసే స్త్రీ సత్యభామ. తన అందం గురించీ, తన కోరిక గురించీ తనే నోరు విప్పి చెబుతుంది. మన పాఠాలు దానికి ‘గర్వం’ అని పేరు పెట్టి, ఆమె విరహాన్ని తగిన శాస్తిగా చూపిస్తాయి.

కూచిపూడిలో ఈ పాత్రను తరతరాలుగా ధరించింది బ్రాహ్మణ పురుషులు. స్త్రీవేషాలకు పేరుపొందిన వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ప్రతిభను తక్కువ చేయటం నా ఉద్దేశం కాదు. కాని గోదావరి ప్రాంతంలో కళావంతుల స్త్రీలు కూడా ఇదే భామను ఆడారు, పాడారు. మగవాడు భామ అయితే కళ, వాళ్లు భామలైతే భోగంమేళం! ఇదేం న్యాయం?

1947లో మద్రాసు రాష్ట్రం చేసిన చట్టం స్త్రీలను దేవుడికి అంకితం చేసే ఆచారాన్ని నిషేధించింది. అది జరగవలసిందే. కాని గుళ్లలోనూ, ఊరేగింపుల్లోనూ వాళ్ల నాట్యాన్ని కూడా నిషేధించింది. పోయిన బతుకుతెరువుకు బదులేమిటో చెప్పలేదు. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో అకాడమీ స్థాపించారు. మధ్యతరగతి ఆడపిల్లలు కూచిపూడి నేర్వటం గౌరవమయింది. కళావంతుల ఇళ్లలో ఆడపిల్లలు గజ్జెలు దాచుకోవలసి వచ్చింది.

కూచిపూడి పక్కనే మొవ్వ. క్షేత్రయ్య పదాల్లో ఎక్కువగా వినిపించేది స్త్రీ గొంతే. ఆ పదాలను తమ గొంతుల్లో నిలబెట్టిందీ ఈ స్త్రీలే. మన తరగతిలో మాత్రం కవి మిగిలాడు, మధురభక్తి మిగిలింది. పాడిన మనిషి లేదు.

ఇదంతా పాత ముచ్చట అంటారా? 1988లో వచ్చిన కె. విశ్వనాథ్ సినిమా ‘స్వర్ణకమలం’ చూడండి. కూచిపూడి గురువు కూతురు మీనాక్షి. తండ్రి పేదరికం చూసిన పిల్ల. నాట్యం వద్దు, ఉద్యోగం చేసుకుంటానంటుంది. ఆ కోరిక అల్లరిపిల్ల అజ్ఞానమట! పక్కింటి యువకుడు ఆమెకు ‘కళ్లు తెరిపిస్తాడు’. పాటలకు మైమరచిన మనం, భామాకలాపం మళ్లీ ఆడుతున్నారని గమనించలేదు.

కళను ద్వేషించమని నేననటం లేదు. పాఠం మార్చమంటున్నాను. కళావంతుల చరిత్ర కూడా భామతోపాటు పాఠ్యప్రణాళికలోకి రావాలి. విద్యార్థులారా, ఈసారి భామ గర్వభంగాన్ని వర్ణించమంటే వర్ణించండి. కింద మరో మూడు ప్రశ్నలు రాయండి: ఆ మాటలు రాసిందెవరు? వాటిని పాడి బతికిందెవరు? వాళ్లను వేదిక దింపిందెవరు?