విలన్‌ కోసం కంటతడి!

సూపర్‌హీరో సినిమా చూసినవాళ్లు హీరో సాహసాల గురించే చెప్పుకుంటారు. ‘మిన్నల్‌ మురళి’ చూసినవాళ్లలో చాలామంది మాత్రం ‘అయ్యో పాపం విలన్‌’ అన్నారు!

బాసిల్‌ జోసెఫ్‌ తీసిన ఈ మలయాళ చిత్రం 2021 డిసెంబరు 24న థియేటర్లకు బదులు నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, తెలుగు డబ్బింగ్‌తో సహా. కథ 1990ల నాటి కేరళ పల్లెలో జరుగుతుంది. ఒకే రాత్రి ఇద్దరిమీద పిడుగు పడి, ఇద్దరికీ ఒకేలాంటి శక్తులొస్తాయి. దర్జీ జైసన్‌ (టొవినో థామస్‌) వెనక పెంచిన తండ్రి, అక్క, మేనల్లుడు ఉన్నారు. టీకొట్టులో పనిచేసే షిబు (గురు సోమసుందరం) ఊరి దృష్టిలో ఒట్టి పిచ్చివాడు. ఏళ్లతరబడి ప్రేమించిన ఉష ఎట్టకేలకు దగ్గరైందనుకునేలోపే, ఊరివాళ్లు పెట్టిన మంటల్లో ఆమె బలైపోతుంది.

షిబు మీద జాలి సరే... అందుకని జనం ప్రాణాలు తీస్తాడా అన్నవాళ్లున్నారు. రెండున్నర గంటలు దాటిన నిడివి ఎక్కువైందన్నవాళ్లూ ఉన్నారు. ఎవరేమన్నా, సినిమా అయ్యాక మిగిలే ప్రశ్న ఒకటే. ఆ ఊరు షిబుని ముందే మనిషిలా చూసుంటే ఊరికి ఇద్దరు హీరోలు ఉండేవారేమో!