ఎంపీగారి కమిట్ హిస్టరీ ఏది?

మొన్న లంచ్ టేబుల్ దగ్గర మళ్ళీ అదే గొడవ. మా టీంలో ఒకడికి అసదుద్దీన్ ఒవైసీ పేరు వింటే బీపీ లేస్తుంది. ఇంకొకడికి ఆయన పార్లమెంటులో మాట్లాడే వీడియో కనిపిస్తే చాలు, "పులి మామా, పులి" అంటాడు. పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి ఒకడు దేశద్రోహం దగ్గర, ఇంకొకడు రాజ్యాంగ రక్షణ దగ్గర తేలారు. ఊరుకోలేక నేను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. "సరే, ఆయన ఏ బిల్లుకి ఎటు ఓటేశాడో ఒక్కటి చెప్పండ్రా."

"సీఏఏ బిల్లు చించేశాడుగా!" అన్నాడు మొదటివాడు. చించడం ఓటు కాదు బాబూ. రెండోవాడు ఫోను తీసి ఇంకో వీడియో వెతకడం మొదలెట్టాడు. ఉపన్యాసం కూడా ఓటు కాదు.

ముందే చెప్పేస్తున్నా, నేను ఒవైసీ అభిమానిని కాదు. ఆయన నా ఎంపీ కూడా కాదు. నేనుండేది శేరిలింగంపల్లి, అంటే చేవెళ్ల లోక్‌సభ నియోజకవర్గం. (గచ్చిబౌలి, మాదాపూర్‌లలో పనిచేస్తూ "మా ఎంపీ ఒవైసీ" అని ఏడ్చేవాళ్ళు దయచేసి ఓటర్ కార్డు ఒకసారి తిరగేసి చూసుకోండి.) అయినా ఆ రోజు రాత్రి పనేమీ లేక కూర్చుని ఆయన ఓట్లు రాసుకున్నాను. చూడండి.

2019 జనవరి: అగ్రవర్ణ పేదలకి 10 శాతం రిజర్వేషన్, రాజ్యాంగ సవరణ. 323-3. ఆ ముగ్గురిలో ఒకడు.
2019 జూలై: ఎన్ఐఏ సవరణ. 278-6. ఆ ఆరుగురిలో ఉన్నాడు.
అదే నెల, యూఏపీఏ సవరణ. 287-8. ఆ ఎనిమిదిలోనూ ఉన్నాడు.
అదే నెల, ట్రిపుల్ తలాక్. 303-82. వ్యతిరేకం.
2019 ఆగస్టు: జమ్మూ కశ్మీర్ విభజన. 370-70. వ్యతిరేకం.
2019 డిసెంబరు: పౌరసత్వ సవరణ. 311-80. వ్యతిరేకం.
2023 సెప్టెంబరు: మహిళా రిజర్వేషన్. 454-2. ఆ ఇద్దరూ మజ్లిస్ వాళ్ళే, ఒకరు ఈయన.
2025 ఏప్రిల్: వక్ఫ్ సవరణ. 288-232. వ్యతిరేకం.

ఈ లిస్టు చేతిలో ఉంటే తిట్టేవాడు సరిగ్గా తిట్టొచ్చు, పొగిడేవాడు సరిగ్గా పొగడొచ్చు. నేను రెండూ చేస్తా.

పొగడాల్సింది యూఏపీఏ ఓటు. సంస్థనే కాదు, ఒక మనిషిని కూడా కోర్టు తీర్పు లేకుండా ప్రభుత్వం టెర్రరిస్టుగా ప్రకటించొచ్చు అనే సవరణ అది. ఉదారవాదం గురించి రోజూ మాట్లాడే కాంగ్రెస్ లోక్‌సభలో వాకౌట్ చేసింది, రాజ్యసభలో అనుకూలంగా ఓటేసింది. సభలో కూర్చుని, డివిజన్ కావాలని పట్టుబట్టి, వ్యతిరేకంగా ఓటేసినవాళ్ళు ఎనిమిదిమంది. మిగతా విషయాల్లో ఆయనతో నాకు వంద పేచీలున్నా, ఈ ఓటు దగ్గర మాత్రం నమస్కారం.

తిట్టాల్సింది మహిళా రిజర్వేషన్ ఓటు. బీసీ, ముస్లిం మహిళలకి ఉపకోటా లేదు కాబట్టి వ్యతిరేకిస్తున్నా అన్నాడు. వాదనలో పస ఉంది, కాదనను. కానీ ఆ ఓటేసిన రెండు నెలలకే తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. మజ్లిస్ 9 సీట్లలో పోటీ చేసింది. 9 మందీ మగవాళ్ళే! ముస్లిం మహిళకి సీటివ్వడానికి రాజ్యాంగ సవరణ ఎందుకండీ, బీ ఫారం మీద ఈయన సంతకం చాలు కదా? అలాగే యూఏపీఏ పాపం కాంగ్రెస్‌దే అని 2019లో గట్టిగా అన్నాడు, నిజమే. కానీ 2008లో ముంబై దాడుల తర్వాత ఆ చట్టానికి కోరలు పెంచిన యూపీఏ ప్రభుత్వానికి మజ్లిస్ మద్దతు 2012 నవంబరు దాకా కొనసాగింది. అది పోయింది కూడా యూఏపీఏ మీద కాదు, చార్మినార్ దగ్గరి గుడి గొడవ మీద.

చూశారా, పది నిమిషాల్లో ఒక నాయకుణ్ణి ఆయన మాటలతో కాకుండా పనులతో కొలవగలిగాం. ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఇదే పని మీ ఎంపీకి చేసి చూడండి.

చెయ్యలేరు. ఎందుకంటే మన పార్లమెంటులో చాలా బిల్లులు మూజువాణి ఓటుతో పాసవుతాయి. స్పీకర్ "అనుకూలురు అవుననండి, వ్యతిరేకులు కాదనండి" అంటారు, రెండు అరుపులు వినపడతాయి, "అవుననేవారే ఎక్కువ" అంటారు, అయిపోయింది. ఎవరు అరిచారో, ఎవరు నిద్రపోయారో, అసలు ఎవరు సభలో ఉన్నారో ఎక్కడా ఉండదు. ఎవరైనా సభ్యుడు అభ్యంతరం చెప్పి డివిజన్ అడిగితేనే పేర్లతో సహా ఓట్లు రికార్డవుతాయి. అడిగినా, అనవసరంగా అడిగారని స్పీకర్ అనుకుంటే సభ్యుల్ని లేచి నిలబడమని తలకాయలు లెక్కపెట్టి సరిపెట్టొచ్చు. అప్పుడు కూడా పేర్లు రాయరు. రూలు 367లో ఈ మాట స్పష్టంగా ఉంది. రాజ్యాంగ సవరణలకి ప్రత్యేక మెజారిటీ లెక్క తేలాలి కాబట్టి అక్కడ మాత్రం డివిజన్ తప్పదు.

మన భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్‌లోకి కోడ్ వెళ్ళిపోయింది, కానీ కమిట్ మీద పేరు లేదు, అప్రూవ్ చేసిందెవరో లేదు, లాగ్ లేదు. ఇలా చేస్తే మా మేనేజరు నన్ను ఆ సాయంత్రమే ఇంటికి పంపిస్తాడు. కోట్లమంది బతుకుల మీద నడిచే చట్టాలకి మాత్రం ఇదే ప్రాసెస్!

ఇందులో నా సొంత బాధ ఒకటుంది. 2014 ఫిబ్రవరి 18న నేను ఇంటర్ సెకండియర్, హాస్టల్లో ఉన్నాను. మాది ప్రకాశం జిల్లా. సాయంత్రం వార్డెన్ ఫోన్ నుంచి ఇంటికి మాట్లాడితే నాన్న గొంతు అదోలా ఉంది. "టీవీలో లైవ్ ఆపేశార్రా. కాసేపటికి పాసైపోయిందన్నారు" అన్నాడు. రాష్ట్ర విభజన బిల్లు. ఐదు రోజుల ముందు అదే సభలో పెప్పర్ స్ప్రే కొట్టారు, మన ఎంపీలు కొందరు సస్పెండయ్యారు. 18న తలుపులు మూసి, ప్రసారం ఆగిపోయి, మూజువాణి ఓటుతో పాస్ చేశారు. ఒవైసీ ఇచ్చిన సవరణలూ వీగిపోయాయి. రెండు రోజుల తర్వాత రాజ్యసభలోనూ మూజువాణే.

తెలంగాణ రావడం తప్పని నేననను. అరవై ఏళ్ళ కోరిక అది, నా అన్నం కూడా ఇప్పుడు ఇక్కడే. నా బాధల్లా ఒక్కటే. ఆ రోజు నాన్న అడిగిన ప్రశ్నకి ఈ రోజుకీ జవాబు లేదు. "ఇంతకీ అనుకూలంగా ఎవరేశార్రా, కాదన్నదెవరు?" తెలంగాణ కోసం ఓటేశామని ఇక్కడ గర్వంగా చెప్పుకునేవాడికీ రుజువు లేదు, ఆపాలని చూశామని అక్కడ చెప్పుకునేవాడికీ రుజువు లేదు. రెండువైపులా మనల్ని మోసం చేసింది ఆ మూజువాణే.

అది ఒక్కటే అనుకోకండి. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లులు. డివిజన్ కావాలని ప్రతిపక్షం అరిచింది, సభ్యులు తమ సీట్లలో లేరన్నారు, మూజువాణితో పాస్. ఏడాది పైన రైతులు ఢిల్లీ పొలిమేరల్లో కూర్చున్నాక 2021 నవంబరులో రద్దు బిల్లు వచ్చింది. అదీ మూజువాణే. తెచ్చినప్పుడు ఎవరు తెచ్చారో తెలీదు, తీసేసినప్పుడు ఎవరు తీశారో తెలీదు.

లాగ్ లేనిచోట నాయకులకి ఎంత సుఖమో, లాగ్ ఉన్నచోట ఎంత ఇబ్బందో ఇంకో ఉదాహరణ. 2019 డిసెంబరులో పౌరసత్వ బిల్లుకి వైఎస్సార్‌సీపీ అనుకూలంగా ఓటేసింది. అదే నెలలో కడపలో జగన్ ఎన్ఆర్సీకి మేం వ్యతిరేకం అని ప్రకటించారు. రెండూ వేరు కదా అని వాళ్ళ సమర్థన. ఉండొచ్చు. కానీ ఆ సమర్థన చెప్పుకోవాల్సి వచ్చిందే ఓటు రికార్డయి ఉంది కాబట్టి. టీడీపీ కూడా ఆ బిల్లుకి అనుకూలమే, 2025లో వక్ఫ్ బిల్లుకీ అనుకూలమే. సరైనవా కాదా అని మీరూ నేనూ కొట్టుకోవచ్చు. కొట్టుకోడానికి ఒక ఆధారం అంటూ ఉంది, నాక్కావాల్సింది అదే.

"టైం వేస్టు కదా బాస్" అంటాడు మా టీం లీడు. లాబీలు ఖాళీ చేయించి, గంట మోగించి, బటన్లు నొక్కించడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మహిళా బిల్లుకైతే చీటీలు పంచి మరీ ఓట్లు వేయించారు, కొంపలేం మునగలేదు. మన స్టాండప్ మీటింగే అంతకంటే ఎక్కువసేపు నడుస్తుంది!

"ఓటింగ్ పెట్టినా పార్టీ విప్ ప్రకారమేగా వేసేది" అన్నది ఇంకో వాదన. దీనికి మాత్రం నేను తలొంచుతా. 1985లో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం విప్ దాటితే సీటే పోవచ్చు. ఒవైసీ ఓట్లు అంత సూటిగా కనపడటానికి ఇదీ ఒక కారణం. ఆయన పార్టీకి ఆయనే విప్పు, ఆయనే అధ్యక్షుడు. మన ఎంపీలకి ఆ సుఖం లేదు. ప్రభుత్వం పడిపోయే విశ్వాస ఓటింగ్‌లకే అనర్హత పరిమితం చెయ్యమని 1990లోనే దినేష్ గోస్వామి కమిటీ చెప్పింది. ఇన్నేళ్ళలో ఎవరూ పట్టించుకోలేదు. కానీ విప్ ఉంది కదా అని రికార్డు మానేస్తే ఎలా? విప్‌కి లొంగి వేసిన ఓటైనా నా జిల్లా పేరు మీద పడింది. ఎందుకు లొంగావయ్యా అని అడగడానికైనా అది కాగితం మీద ఉండాలి.

డాలస్‌లో ఉన్న నా రూమ్మేటు గ్రీన్ కార్డు క్యూలో ఉన్నాడు. దేశాలవారీ పరిమితి ఎత్తేసే బిల్లు 2019 జూలైలో అక్కడి దిగువ సభలో 365-65తో పాసైంది. వాడికి వాళ్ళ ఏరియా సభ్యుడు ఎటు వేశాడో తెలుసు. వాడికి అక్కడ ఓటు హక్కే లేదు! ఓటు హక్కున్న నాకు, నా రాష్ట్రాన్ని రెండు చేసిన బిల్లుకి మా ఎంపీ ఏం చేశాడో తెలీదు.

ఒవైసీ 2019లో ఎన్ఐఏ బిల్లు మీద డివిజన్ అడిగినప్పుడు, జరగాల్సిందే, ఎవరు ఎటున్నారో దేశానికి తెలియాలి అని అమిత్ షా కూడా అన్నారు. ఆ ఇద్దరూ ఏకీభవించిన మాట ఇంకోటి నాకైతే గుర్తు లేదు :) అదే మాట ప్రతి బిల్లుకీ రూలు చెయ్యమనే నేనడిగేది. తుది ఓటింగ్ పేర్లతో జరగాలి, అదే రోజు జనానికి కనపడాలి.

లంచ్ టేబుల్ దగ్గర ఇప్పుడు కొత్త ఆట మొదలుపెట్టాను. ఎవరైనా ఏ నాయకుడి వీడియో చూపించినా, "ఓటెటు?" అని అడుగుతున్నా. మావాళ్ళకి చిరాకేస్తోంది. వెయ్యనివ్వండి. 2029లో చేవెళ్లలో మెళ్ళో కండువాతో నా అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి ఎవరొచ్చినా అదే అడుగుతా. ఒంగోల్లో మా నాన్న కూడా అడుగుతానన్నాడు. ఆయన పన్నెండేళ్ళుగా అడుగుతూనే ఉన్నాడు.