ఊక బొగ్గూ, హిమాయత్‌సాగర్ నీళ్లూ

ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే వరి ఊక, వేరుశనగ పొట్టు, చింతగింజ, తుమ్మ బెరడు అన్నీ బొగ్గైపోతాయి. ఆ బొగ్గు నీటిలోని మలినాన్ని తొంభై పైచిలుకు శాతం పట్టేసిందని ఓ పేపరూ అచ్చవుతుంది. శాస్త్రం తప్పేమీ కాదు. కొబ్బరి చిప్పల బొగ్గు మన ఇళ్ల ఫిల్టర్లలో ఏనాటి నుంచో పనిచేస్తోంది. నా చిరాకంతా ఆ పరీక్ష మీదే. డిస్టిల్డ్ వాటర్‌లో మిథిలీన్ బ్లూ అనే రంగు ఒక్కటే కలిపి, ఆ రంగు పోయిందంటారు. లవణాలూ, సబ్బూ, మురుగూ కలిసిన నీటిలో అవన్నీ ఆ బొగ్గు రంధ్రాల్లో చోటు కోసం పోటీపడతాయి. అక్కడ ఆ శాతం నిలుస్తుందా?

పరిశోధన చిన్నగానే మొదలవుతుందనీ, పేదవాళ్లకు చవకైన దారి కావాలనీ అంటారు. నిజమే. కానీ చవకన్నది ఊక వరకే. దాన్ని కాల్చడానికి ఇంధనం, శుద్ధిచేయడానికి ఆమ్లం, మళ్లీ కడగడానికి నీళ్లు ఎవరి లెక్కలోకి వస్తాయి? వెయ్యి మంది ఉన్న ఊళ్లో తాగడానికీ వంటకూ రోజుకు 8 వేల లీటర్లు కావాలనుకుందాం. ఆ నీళ్లలో లీటరుకు 4 మిల్లీగ్రాములున్న ఫ్లోరైడును ఇలాంటి బొగ్గుతో 1కి దించాలంటే 24 గ్రాములు తీసేయాలి. గ్రాము బొగ్గు పొడి ఒక మిల్లీగ్రామును పట్టినా రోజుకు 24 కిలోలు, ఏడాదికి దాదాపు తొమ్మిది టన్నులు. ఆ విషపు పొడిని ఏ చేలో పారబోస్తాం? పటికా సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. అయినా ఆ జిల్లా గొంతు తడిపింది కృష్ణా నీళ్లే.

అసలు నీటిని పాడుచేశాక వడకట్టడం మీద ఉన్న శ్రద్ధ, పాడుచేయకుండా ఉండటం మీద ఎందుకుండదు? హైదరాబాద్‌ను ముంచిన మూసీ వరదల తర్వాత కట్టిన హిమాయత్‌సాగర్ శంషాబాద్‌ పక్కనే ఉంది. దాని పరీవాహక ప్రాంతంలోని నేలే ఏ ఊక బొగ్గూ చేయలేని పని ఉచితంగా చేస్తోంది. అందుకే 1996లో జీవో 111 తెచ్చి, హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలనూ పెద్ద నిర్మాణాలనూ ఆపారు. 2008లో శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు వచ్చింది, భూమి రేట్లకు రెక్కలొచ్చాయి. 2022లో జీవో 69 ఆ ఆంక్షలను సడలించింది. రైతు తన భూమిని అమ్ముకోలేకపోతున్నాడన్న వాదనలో న్యాయముంది, ఆ నష్టానికి పరిహారం ఇవ్వాల్సింది నగరమే. అయినా జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినకూడదన్న షరతు జీవో 69లోనూ ఉంది కదా. ఆ నాణ్యతను ఎవరు, ఎక్కడ, నెలకు ఎన్నిసార్లు కొలుస్తున్నారో హిమాయత్‌సాగర్ కట్ట మీద బోర్డు రాసి పెట్టండి. ప్రాజెక్టుల పిల్లలు ఆ నీళ్లనే కొలవడానికి వస్తే, వాళ్లకు మిథిలీన్ బ్లూ కొనే ఖర్చు తప్పుతుంది.