గీతే కదా అని రంగేయకండి!

మిర్యాలగూడకు దగ్గర్లోనే, వాడపల్లి వద్ద మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. ఇలాంటి ఏటి ఒడ్డు ఊళ్లలో చెక్క పడవల చోటుకి ఫైబర్ పడవలు వచ్చేశాయి. వాటికి పుచ్చు, తుప్పు భయం లేదు. కానీ కొన్నాళ్లకు పైన వెంట్రుకంత సన్నటి పగుళ్లు తేలతాయి. కాస్త రంగు పూసి ఊరుకుంటారు చాలామంది. పొరపాటంతా అక్కడే!

గాజు నారకు రెజిన్ పట్టించి, పొరలు పొరలుగా చేసేదే ఫైబర్. దానిమీద నున్నగా మెరిసే పొరే జెల్ కోట్. మందం సుమారు అర మిల్లీమీటరే. అయినా ఎండ నుంచీ తడి నుంచీ లోపలి పొరల్ని కాపాడే కవచం అదే. పగులు నక్షత్రంలా విచ్చుకుంటే గట్టి దెబ్బేదో తగిలిందని అర్థం. పక్కపక్కనే గీతలు పడితే పడవ అక్కడ వంగుతోందన్నమాట. లోపల బలం చేకూర్చకుండా పైన ఎన్నిసార్లు పూసినా అది మళ్లీ పగిలేదే.

ముందు నాణెంతో చుట్టూ తట్టి చూడాలి. ఖంగుమంటే ఫర్వాలేదు. బొదబొదమంటే పొరలు విడిపోయినట్టే. ఆ పడవను నీళ్లలోకి దింపకుండా పనివాళ్లకు చూపించాలి.

పగులు పైపొరకే పరిమితమైతే మరమ్మతు తేలికే. సన్నటి గీతలోకి జెల్ కోట్ దిగదు కాబట్టి, పగులును ‘వి’ ఆకారంలో కొద్దిగా వెడల్పు చేయాలి. ఎసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. వంద గ్రాముల జెల్ కోట్‌కు ఒకటి నుంచి రెండు గ్రాముల హార్డనర్ సరిపోతుంది. డబ్బామీది కొలతే ప్రమాణం. ఎండలో త్వరగా గట్టిపడిపోతుంది, అందుకే పొద్దున్నే నీడలో కొంచెం కొంచెంగా కలుపుకోవాలి. గాలి తగిలితే పైభాగం జిగురుగానే ఉండిపోతుంది. నింపాక పలుచటి ప్లాస్టిక్ కాగితం కప్పితే చక్కగా గట్టిపడుతుంది. తర్వాత 400, 600, 1000 నంబరు వాటర్ పేపర్లతో వరుసగా రుద్ది, పాలిష్ పెడితే సరి.

ఒక్క జాగ్రత్త... హార్డనర్ కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. పొరపాటున పడితే కనీసం పావుగంట నీళ్లతో కడిగి, వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. హార్డనర్‌నూ కోబాల్ట్‌నూ నేరుగా కలిపితే పేలుతుంది. పిల్లలకు అందనీయకండి.

రంగు పగులును దాస్తుందే తప్ప పూడ్చదు. పడవ ఎక్కే నలుగురి ప్రాణాలు అందులోనే ఉన్నాయి మరి!