చదువరి సత్యనిష్ఠ

పుస్తకాన్ని చదవడం ఒక పని. చదివిన దానిని గురించి ఉన్నది ఉన్నట్లు చెప్పడం మరొక పని. మొదటిదానికి ఓపిక చాలు. రెండవదానికి ఓపికతో పాటు ధైర్యం కూడా కావాలి. పేరుమోసిన కావ్యాన్ని అందరూ మెచ్చుకొంటున్నప్పుడు అందులో తనకు నచ్చని అంశాన్ని చెప్పడానికి చదువరి జంకుతాడు. అందరూ చిన్నచూపు చూసే పుస్తకంలో మేలు కనిపించినా దానిని పైకి చెప్పడానికి సంకోచిస్తాడు. ఈ జంకు, ఈ సంకోచం పెరిగినకొద్దీ సాహిత్యాన్ని గురించిన అభిప్రాయాలు ఒకరి నోటి నుండి మరొకరి నోటికి మారే అరువు మాటలుగా మిగిలిపోతాయి. స్వయంగా చదివి, స్వయంగా తూచి, తేలిన బరువును దాచకుండా చెప్పిన వారివల్లనే ఒక జాతి తన సాహిత్యాన్ని తాను తెలుసుకోగలుగుతుంది. అటువంటి చదువరులలో సురవరం ప్రతాపరెడ్డి ముఖ్యులు.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, ఇటిక్యాల, అలంపురం ప్రాంతాన్ని నడిగడ్డ అని పిలుస్తారు. ఇప్పుడిది జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. గద్వాల సంస్థానం పండితులను ఆదరించి విద్వద్గద్వాలగా పేరు పొందింది. అలంపురంలో చాళుక్యుల కాలంనాటి నవబ్రహ్మాలయాలు, శాసనాలు ఉన్నాయి. ప్రతాపరెడ్డి స్వగ్రామమైన ఇటిక్యాలపాడు ఈ నడిగడ్డలోనిదే. ఆయన 1896లో జన్మించి, న్యాయశాస్త్రం చదివి, వకీలు వృత్తికన్నా అక్షరసేవనే మిన్నగా ఎంచుకొన్నారు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించారు. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించారు. 1952లో వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికై, మరుసటి సంవత్సరమే కన్నుమూశారు. 1949లో వెలువడిన ఆయన గ్రంథం 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగు భాషకు ఆ పురస్కారం దక్కడం అదే మొదటిసారి.

ఈ గ్రంథాన్ని చరిత్రగా అందరూ ఎరుగుదురు. అయితే అది ఒక గొప్ప చదువరి తన చదువును గురించి ఇచ్చిన వాఙ్మూలం కూడా. రాజుల యుద్ధాలకన్నా ప్రజల జీవితమే చరిత్రకు ముఖ్యమని ఆయన విశ్వసించారు. జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకొన్నారు, ఏ ఆటలాడారు, ఏ పండుగలు చేసుకొన్నారు, ఏ పన్నులకు కుంగిపోయారు అనే ప్రశ్నలతో ఆయన తెలుగు కావ్యాలను తిరగవేశారు. శైవకవుల ద్విపదలు, రాజులు రచించిన ప్రబంధాలు, వీధినాటకం, కథాకావ్యాలు, శతకాలు, శాసనాలు, విదేశీ యాత్రికుల రచనలు అన్నీ ఆయన బల్లమీదికి చేరాయి. ఒకే జాతి పుస్తకాలు చదివేవారికి ఒకే రుచి తెలుస్తుంది. పలుజాతుల పుస్తకాలు చదివినవారికే ఒకదానితో మరొకదానిని పోల్చి చూసే శక్తి అలవడుతుంది.

ప్రతాపరెడ్డి తరచిన పుస్తకాలలో కొన్నింటిని అదే నిష్పక్షపాత బుద్ధితో పరిశీలిస్తే నిజాయితీగల అభిప్రాయం ఎట్లా ఉంటుందో బోధపడుతుంది. పాల్కురికి సోమనాథుని రచనలనే ముందుగా తీసుకోవచ్చు. బసవపురాణంలో చాకలివాడైన మడివాలు మాచయ్య వంటి శ్రమజీవులు భక్తులై, రాజులకన్నా ఎత్తున నిలుస్తారు. పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు మొదలైన జనగీతాల పేర్లు కనిపిస్తాయి. జానుతెనుగును, ద్విపదను గౌరవపీఠంపై నిలిపిన ఘనత సోమనాథునిది. అయినా పరమతాల పట్ల ఆయన చూపిన కాఠిన్యం నేటి పాఠకుని మనస్సును నొప్పించక మానదు. మొదటి గుణాన్ని మాత్రమే చెప్పి రెండవదానిని దాచడం భక్తి అనిపించుకోవచ్చు కాని విమర్శ అనిపించుకోదు.

క్రీడాభిరామం మరొక తీరు రచన. గోవిందమంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒకనాడు ఓరుగల్లు వీధులలో తిరుగుతూ చూసిన వింతలే అందులోని ఇతివృత్తం. పూటకూళ్ళ ఇల్లు, కోడిపందెం, పలనాటి వీరుల కథాగానం వంటి దృశ్యాలు అందులో కళ్ళకు కడతాయి. కాకతీయుల రాజధానిని గురించి అంత చిన్న పుస్తకం అంత పెద్ద సాక్ష్యం ఇవ్వడం ఆశ్చర్యకరం. కాని ఆ మిత్రుల చూపు స్త్రీలను చాలావరకు వినోదవస్తువులుగానే చూస్తుంది. ఆ నగరంలోని ఇల్లాలు, కూలి స్త్రీ ఏమనుకొన్నారో ఆ పుస్తకం చెప్పదు. చూసినదానిని చక్కగా చెప్పినందుకు కవిని మెచ్చుకొంటూనే, చూడక విడిచిన దానిని కూడా పాఠకుడు గుర్తించవలసి ఉంటుంది.

శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద చదవడానికి కష్టమైన కావ్యం. సమాసాల బరువు, శ్లేషల చిక్కు పాఠకుని అడుగడుగునా నిలిపివేస్తాయి. ఈ మాట అంగీకరించడంలో సిగ్గుపడవలసినది లేదు. కాని ఓపికపట్టినవానికి అందులో వానకాలంలో తడిసిన కట్టెలతో పొయ్యి రాజేయడానికి అవస్థపడే ఇల్లు కనిపిస్తుంది. అంత్యజుడైన మాలదాసరి ఆడిన మాట కోసం ప్రాణాలకు తెగించి నిలబడడం కనిపిస్తుంది. సింహాసనం మీద కూర్చున్నవాని కన్ను వంటింటి పొగ దాకా చేరడం విశేషమే. కష్టమైనదంతా గొప్పది కాదు. కష్టమైనందువల్ల విడిచిపెట్టదగినదీ కాదు. కష్టానికి తగిన ఫలం దక్కిందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

పాలవేకరి కదిరీపతి శుకసప్తతి, అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతి మరొక కోవకు చెందినవి. ఒకదానిలో చిలుక, మరొకదానిలో హంస దారితప్పబోయే స్త్రీని కథలతో ఆపుతాయి. శృంగారం హద్దుమీరిందని ఈ కావ్యాలను పలువురు దూరం పెట్టారు. ఆ ఆక్షేపణలో నిజం లేకపోలేదు. అయితే పల్లె కాపుల ఇళ్ళు, పలువృత్తుల వారి పనిముట్లు, పిల్లల ఆటల పేర్లు ఈ పుస్తకాలలో నిలిచినంతగా పెద్దకావ్యాలలో నిలువలేదు. ప్రతాపరెడ్డి వీటిని పక్కకు నెట్టక, అందులోని సాంఘిక సంపదను శ్రద్ధగా ఏరుకొన్నారు. పుస్తకానికి ఉన్న పేరును కాక, పుస్తకంలో ఉన్నదానిని చూడడం అంటే ఇదే.

దీనికి భిన్నమైన స్థితి కొన్ని ప్రబంధాలది. పురవర్ణన, ఋతువర్ణన, చంద్రోదయవర్ణన మొదలైన అష్టాదశ వర్ణనలను నియమం తప్పక నింపిన కావ్యాలు తెలుగులో తక్కువేమీ కావు. వాటిలో పద్యం నడక ఇంపుగా ఉండవచ్చు. కాని ఏ పురాన్ని వర్ణించినా అవే మేడలు, అవే ఉద్యానాలు కనిపిస్తే ఆ కాలపు మనిషి మాత్రం కనిపించడు. పద్యానికి ఇవ్వవలసిన మెప్పు పద్యానికి ఇచ్చి, జీవితం లోపించిన చోట లోపించిందని చెప్పడమే న్యాయం.

గద్వాల చీరలో ఒడలు నూలుతోను, అంచులు, కొంగు పట్టుతోను నేసి, రెండింటినీ నేర్పుగా కలుపుతారు. చీర ఎంచేవారు అంచు మెరుపునే కాక నూలు నాణ్యాన్ని, నూలూ పట్టూ కలిసిన చోటి గట్టితనాన్ని కూడా చేతితో తడిమి చూస్తారు. పుస్తకానికి కూడా అట్టి పరీక్షే తగినది. భాష మెరుపు ఒకటి, విషయబలం ఒకటి. ఆ రెండూ కలిసిన చోటు గట్టిగా ఉన్నదా లేదా అన్నది మరొకటి.

చదవకుండా ఇచ్చిన అభిప్రాయం ఎంత హాని చేస్తుందో తెలంగాణ చరిత్రే చెబుతుంది. నిజాం రాజ్యంలో పాలనకు, ఉన్నతవిద్యకు ఉర్దూ భాషయే ఆధారమై, తెలుగు వెనుకబడిన కాలమది. తెలంగాణలో కవులు లేరన్న మాట ఒకటి అప్పట్లో వెలువడింది. దానికి ప్రతాపరెడ్డి కోపంతో కాక ఆధారాలతో బదులిచ్చారు. ఊరూరి కవుల రచనలను సేకరించి, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించారు. ఇక్కడ కూడా ఒక నిజం చెప్పుకోవాలి. అంతమంది కవుల రచనలు ఒకే ఎత్తులో ఉండడం అసాధ్యం. అది ఏరికూర్చిన ఉత్తమ కవితల సంపుటి కాదు. ఒక ప్రాంతం తన ఉనికికి తెచ్చుకొన్న సాక్ష్యపత్రం. అందులోని ప్రతి పద్యం మహాకవిత్వమని పొగడడం ఆ సంచికకు మేలు చేయదు. అది ఏ పని కోసం పుట్టిందో ఆ పనిని సంపూర్ణంగా నెరవేర్చిందని చెప్పడమే దానికి తగిన గౌరవం.

ఇదే కొలతను ప్రతాపరెడ్డి గ్రంథానికి కూడా వర్తింపజేయవలసి ఉంటుంది. ఆంధ్రుల సాంఘిక చరిత్ర సుమారు వేయి సంవత్సరాల ప్రజాజీవితాన్ని ఒకచోట కూర్చింది. తెలుగులో ఆ దారి చూపిన గ్రంథమది. అయితే దాని ఆధారాలలో అధికభాగం కావ్యాలు. కావ్యాలు రాసినవారు అక్షరం తెలిసినవారు, ఎక్కువగా పురుషులు, ఎక్కువగా రాజాశ్రయం లేక ధనికాశ్రయం ఉన్నవారు. పొలంలో నాటువేసిన స్త్రీ, చెప్పులు కుట్టిన మాదిగ, మగ్గం నేసిన సాలె తమను గురించి తాము చెప్పుకొన్న మాట ఆ కావ్యాలలో అరుదు. అందువల్ల ఆ గ్రంథంలో కూడా వారు ఇతరుల కంటితోనే కనిపిస్తారు. ఈ లోటును ఎత్తిచూపడం ప్రతాపరెడ్డిని తక్కువ చేయడం కాదు. కావ్యాలను ప్రశ్నించి చదవమని నేర్పిన వారి గ్రంథాన్ని ప్రశ్నించకుండా చదవడమే ఆయనకు అపచారం.

ఆ లోటును కొంతవరకు తీర్చగలిగేవి స్వీయచరిత్రలు, జానపద గేయాలు, మౌఖిక కథనాలు. అలంపురానికి చెందిన గడియారం రామకృష్ణశర్మ స్వీయచరిత్ర 'శతపత్రము'కు 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ప్రకటించారు. స్వీయచరిత్ర ఒక్కరి కంటితో చూసిన లోకం. సాంఘిక చరిత్ర పలువురి కళ్ళతో చూసిన లోకం. మొదటిదానిలో దగ్గరితనం ఉంటుంది, రెండవదానిలో విస్తృతి ఉంటుంది. ఒకదాని లోటు మరొకదానివల్ల తెలుస్తుంది. నడిగడ్డ విద్యార్థి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చదివితే తన నేలను గురించి తనకంటూ ఒక అభిప్రాయం ఏర్పరచుకోగలడు.

పెద్దల రచనలలో లోపాలు చెప్పడం అవినయమని కొందరి వాదం. వినయం మంచిదే. కాని వినయం నోరు మూయించేది కారాదు. నోటి మాటను సరిదిద్దేది కావాలి. పూర్తిగా చదవనిదే తీర్పు చెప్పకపోవడం వినయం. లోపం చెప్పేటప్పుడు గుణాన్ని మరవకపోవడం వినయం. తన అభిరుచిని లోకనియమంగా చాటకపోవడం వినయం. ఇవి మూడూ పాటించిన విమర్శ ఎంత పదునుగా ఉన్నా అవినయం కాదు.

నేటి విద్యార్థికి పుస్తకాలు గ్రంథాలయంలోనే కాక చేతిలోని ఫోనులో కూడా దొరుకుతున్నాయి. వాటితో పాటు సిద్ధంగా వండిన అభిప్రాయాలు కూడా దొరుకుతున్నాయి. పరీక్షకోసం కవి గొప్పతనాన్ని పది పంక్తులలో వల్లెవేసిన విద్యార్థికి, ఆ కవి పద్యం తనకు నిజంగా నచ్చిందా అని తనను తాను ప్రశ్నించుకొనే అవకాశమే కలగడం లేదు. ఆ ప్రశ్న పుట్టనిచోట చదువు జ్ఞాపకశక్తికి మాత్రమే పరీక్ష అవుతుంది. తరగతిలో ఒక విద్యార్థి లేచి ఈ పద్యం నాకు నచ్చలేదని చెప్పి, అందుకు కారణం కూడా చెప్పగలిగితే, ఉపాధ్యాయుడు సంతోషించాలి. ఆ కారణం తప్పయితే దిద్దవచ్చు. లేని అభిప్రాయాన్ని దిద్దడం ఎవరికీ సాధ్యం కాదు.

2025లో తెలంగాణ శాసనసభ తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టడానికి ఆమోదం తెలిపింది. ఒక చదువరికి దక్కిన గౌరవంగా అది హర్షింపదగినదే. పేరు భవనం మీద నిలుస్తుంది. పద్ధతి మాత్రం చదివేవారిలో నిలవాలి. పెద్దకావ్యమైనా, చిన్న కథల పుస్తకమైనా, పొరుగూరి కవి పద్యమైనా ఒకే శ్రద్ధతో చదివి, నచ్చినది ఎందుకు నచ్చిందో, నచ్చనిది ఎందుకు నచ్చలేదో నిర్భయంగా, నిర్మత్సరంగా చెప్పగలిగినప్పుడు విద్యార్థి ఆ చదువరికి నిజమైన వారసుడవుతాడు.