ఫ్లాటు చేతికొచ్చినా.. పెత్తనం బిల్డరుదే!

* అసోసియేషన్ల అప్పగింతలో ఎడతెగని జాప్యం
* కరిగిపోతున్న ఐదేళ్ల హామీ గడువు

మంగళగిరి: గృహప్రవేశాలు జరిగి ఏళ్లు గడుస్తున్నా పలు అపార్ట్‌మెంట్లలో నిర్వహణ పగ్గాలు బిల్డర్ల చేతుల్లోనే ఉంటున్నాయి. నెలనెలా మెయింటెనెన్స్ సొమ్ము వసూలవుతోంది, లెక్క మాత్రం చెప్పేవారుండరు. రిజిస్ట్రేషన్ నాడు కట్టించుకున్న కార్పస్ ఫండ్ ఏ ఖాతాలో ఉందో యజమానులకే తెలియదు. 2014లో రాజధాని ప్రకటన వెలువడిన తరువాత తాడేపల్లి, మంగళగిరి, పోరంకి, గొల్లపూడి పరిసరాల్లో బహుళ అంతస్తుల భవనాలు విరివిగా వెలిశాయి. వాటిలో నివసించేవారికి ఈ సమస్య కొత్త కాదు.

చట్టం ఏం చెబుతోంది?

రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం (రెరా) 2016లో ఈ విషయంపై స్పష్టత ఉంది. స్థానిక చట్టాల్లో వేరే నిబంధన లేనిచోట, సగానికి మించి ఫ్లాట్లు బుక్ అయిన మూడు నెలల్లోగా అసోసియేషన్ ఏర్పాటుకు బిల్డరు తోడ్పడాలి. ఉమ్మడి స్థలాలపై హక్కును రిజిస్టరు దస్తావేజు ద్వారా అసోసియేషన్‌కు బదలాయించాలి. ప్లాన్లు, అనుమతి పత్రాలు అప్పగించాలి. అసోసియేషన్ బాధ్యత స్వీకరించేంత వరకు సముచిత రుసుముపై నీరు, లిఫ్టు వంటి సేవలను బిల్డరే చూడాలి. మెట్లు, లిఫ్టులు, టెర్రస్, ఉమ్మడి సెల్లారు, బహిరంగ పార్కింగ్ అన్నీ ఉమ్మడి స్థలాలేనని చట్టం నిర్వచించింది. డాబాపై సెల్‌టవరు పెట్టించి అద్దె తీసుకునే హక్కు బిల్డరుకు ఉందా అన్న ప్రశ్నకు మూలం ఇక్కడే ఉంది.

గడువు ఆగదు

జాప్యం వల్ల కలిగే అసలు నష్టం చాలామంది గమనించనిది. నిర్మాణ లోపాలు, పనితనంలో, నాణ్యతలో లోపాలు ఐదేళ్లలోగా దృష్టికి తెస్తే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి, లేకుంటే పరిహారం చెల్లించాలి. ఈ ఐదేళ్లు లెక్కించేది ఫ్లాటు స్వాధీనం చేసిన రోజు నుంచి. అసోసియేషన్‌కు పగ్గాలు అప్పగించిన రోజు నుంచి కాదు. మూడో ఏట అసోసియేషన్ ఏర్పడితే మిగిలేది రెండేళ్లే. తన గదిలో చెమ్మ దిగితే యజమాని స్వయంగా రాసిస్తాడు. సెల్లారులో నీరు ఊరినా, ఉమ్మడి పైపులైను పగిలినా, లిఫ్టు మొరాయించినా ఎవరికి వారే మిన్నకుంటారు. అందరి తరఫున రాసేవారు లేక గడువు గడిచిపోతుంది. ఆపై మరమ్మతుల భారమంతా నివాసులదే.

లోపం ఒక్కవైపే లేదు

అమ్ముడుపోని ఫ్లాట్లు మిగిలి ఉన్నంతకాలం భవనంపై పట్టు వదులుకునేందుకు బిల్డరు ఇష్టపడడు. డెవలప్‌మెంట్ ఒప్పందంపై కట్టిన భవనాల్లో స్థల యజమాని వాటా ఫ్లాట్లు మరో చిక్కు. ఆ ఫ్లాట్లకు మెయింటెనెన్స్ ఎవరు కట్టాలన్నది తేలక పేచీలు నడుస్తాయి. నివాసుల ఉదాసీనత కూడా తక్కువేమీ కాదు. యజమానుల్లో కొందరు హైదరాబాద్‌లో, మరికొందరు అమెరికాలో ఉంటారు. అద్దెకున్నవారికి ఓటు ఉండదు. సమావేశానికి పది మంది రావడం గగనం. అసోసియేషన్ ఏర్పాటులో పాలుపంచుకోవడం కొనుగోలుదారు విధి అని కూడా రెరా చట్టమే చెబుతోంది. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం ఏడుగురు సభ్యులుంటే సొసైటీగా నమోదు చేసుకోవచ్చు.

తాళాలతో సరిపోదు

పూలదండలు మార్చుకుని, తాళాల గుత్తి అందుకున్నంత మాత్రాన అప్పగింత పూర్తయినట్లు కాదు. ఆమోదిత ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అగ్నిమాపక అనుమతి, లిఫ్టు, జనరేటరు పత్రాలు, వాటి సర్వీసు ఒప్పందాలు చేతికి రావాలి. కామన్ మీటరు బిల్డరు పేర ఉంటే బకాయిలు తేల్చి పేరు మార్పించుకోవాలి. కార్పస్ ఫండ్ వడ్డీతో సహా అసోసియేషన్ ఖాతాలో జమ కావాలి. వసూలు చేసిన మెయింటెనెన్స్ జమాఖర్చులను ఆడిటరుతో పరిశీలింపజేయాలి. సంతకానికి ముందే ఇంజినీరుతో భవనాన్ని తనిఖీ చేయించి, లోపాల జాబితాను అప్పగింత పత్రానికి జతచేయాలి. ‘అన్నీ సవ్యంగా అందాయి’ అని గుడ్డిగా సంతకం చేస్తే రేపటి వివాదంలో ఆ కాగితమే బిల్డరుకు ఆయుధమవుతుంది.

బిల్డరు ముందుకు రాకుంటే రాతపూర్వకంగా కోరాలి. అప్పటికీ స్పందన లేకుంటే రెరా ప్రాధికార సంస్థకు అసోసియేషన్ పేరిటే ఫిర్యాదు చేసే వీలుంది. జీవితకాలపు పొదుపు పోసి కొన్న గూడుపై హక్కు దస్తావేజుతో దఖలుపడుతుంది. దాన్ని నిలబెట్టుకోవడానికి మాత్రం యజమానులంతా ఒక్క బల్ల చుట్టూ కూర్చోక తప్పదు. ఆ సమావేశం ఎంత ముందు జరిగితే ఐదేళ్ల హామీలో అంత ఎక్కువ కాలం వారికి మిగులుతుంది.