సైకిలు యాత్రలో అర్ధశక్తి: ఎవరి అర్ధశక్తి?

ఆయుర్వేదం వ్యాయామాన్ని దినచర్యలో ఒక అంగంగా విధించింది. దానివలన శరీరం తేలికపడుతుంది, జఠరాగ్ని ప్రజ్వలిస్తుంది, అనవసరమైన మేదస్సు కరుగుతుంది. ఈ ఫలాలన్నిటినీ తక్కువ ఖర్చుతో ఇవ్వగల సాధనం సైకిలు. ఒకప్పుడు మధ్యతరగతి ఇళ్లలో బడికీ, కచేరీకీ, సంతకూ అదే వాహనం. స్కూటర్లు వచ్చిన తరువాత మూలపడిన ఆ సైకిలు నేడు వ్యాయామం పేరిట మళ్లీ వీధిలోకి వచ్చింది. ఇది సంతోషించవలసిన విషయం.

అయితే ఇటీవల యువకులూ, నలభై ఏళ్లు దాటిన ఉద్యోగులూ జట్లుగా కూడి నూరేసి, రెండువందలేసి కిలోమీటర్లు తొక్కుతున్నారు. మా గోదావరి సీమలో ఇందుకు సహజమైన మార్గం ఒకటి ఉన్నది. పంచారామాలలో అమరావతి తప్ప మిగిలిన నాలుగు క్షేత్రాలూ, అనగా సామర్లకోట, ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం, ఈ డెల్టా ప్రాంతంలోనే ఉన్నాయి. కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు మీదుగా వీటిని చుట్టివస్తే సుమారు 150 కిలోమీటర్లవుతుంది. యానాం, ఎదుర్లంక మధ్య 2002లో గౌతమిపై వంతెన ప్రారంభమయ్యాక ఈ దారి మరింత సుగమమైనది. కొండలు లేవు. దారి పొడవునా కాలువలు, కొబ్బరితోటలు. మిత్రులతో కలిసి వెళ్లడానికి ఇంతకంటె మనోహరమైన దారి దొరకదు.

నేను ఈ యాత్రలకు వ్యతిరేకిని కాను. ఒంటరిగా వెళ్లేవాడికంటె నలుగురితో వెళ్లేవాడికి ఉత్సాహం ఎక్కువ, భయం తక్కువ. కాని ఆ నలుగురివలననే ఒక ప్రమాదం కూడ పుట్టుతున్నది. దానిని గురించి చెప్పడమే ఈ వ్యాస ప్రయోజనం.

వ్యాయామానికి మన ఆచార్యులు ఒక కొలత పెట్టారు. అది అర్ధశక్తి. మనిషి తన బలంలో సగం మేరకే శ్రమించాలి. ఆ సగం ఎక్కడ వచ్చిందో తెలుసుకోవడానికి గడియారమూ, యంత్రమూ అక్కరలేదు. ముక్కుతో పీల్చే ఊపిరి చాలక నోరు తెరవవలసి వస్తే అర్ధశక్తి పూర్తి అయినదని సుశ్రుతుని అభిప్రాయం. నుదుట, ముక్కుపై, చంకలలో, కీళ్లలో చెమట పట్టడం, నోరు ఎండడం కూడ దానికి గుర్తులని తరువాతివారు వివరించారు. ఆ మేర దాటితే దప్పిక, ఆయాసం, దగ్గు, జ్వరం, వాంతి, రక్తపిత్తం వంటి ఉపద్రవాలు వస్తాయని వాగ్భటుడు హెచ్చరించాడు.

ఒంటరిగా తొక్కేవాడికి ఈ కొలత చాలు. జట్టులో అయిదుగురున్నప్పుడు ఎవరి అర్ధశక్తిని కొలతగా తీసుకోవాలి? ఇరవై అయిదేళ్ల యువకుడికి అర్ధశక్తి అయినది, నలభై అయిదేళ్ల గుమాస్తాకు పూర్ణశక్తి కావచ్చు. ఆరు నెలలుగా అభ్యాసం చేసినవాడికి నల్లేరు మీద నడక అనిపించే వేగం, నిన్న సైకిలు కొన్నవాడికి ప్రాణసంకటం కావచ్చు. అయినా వెనుకబడినవాడు నోరు విప్పడు. ఒళ్లునొప్పులతో, తిమ్మిరెక్కిన చేతులతో నా వద్దకు వచ్చినవారిని "ముందే ఎందుకు ఆగలేదు?" అని అడిగితే, చాలమంది చెప్పే సమాధానం ఒక్కటే: "నా ఒక్కడి కోసం అందరినీ ఆపడం ఏం బాగుంటుందండీ!"

ఈ మొహమాటమే అసలు వ్యాధిహేతువు. నిరోధించరాని వేగాలు పదమూడని శాస్త్రం చెప్పింది. మలమూత్రాలను ఆపుకోరాదన్న మాట అందరికీ తెలుసు. ఆకలి, దప్పిక, నిద్రలతో పాటు శ్రమవలన కలిగే నిట్టూర్పును కూడ ఆ జాబితాలో చేర్చారన్న సంగతి చాలమంది ఎరుగరు. శ్రమశ్వాసను బలవంతాన అణచితే గుల్మం, హృద్రోగం, మూర్ఛ కలుగుతాయని, దానికి విశ్రాంతే చికిత్స అని వాగ్భటుని ఉపదేశం. జట్టులో వెళ్లేవాడు స్నేహితుల యెదుట సిగ్గుపడి రొప్పును దాచుకుంటాడు, దప్పికను ఓర్చుకుంటాడు, మూత్రాన్ని బిగబడతాడు, రాత్రి ప్రయాణమైతే నిద్రనూ ఆపుకుంటాడు. ఒక్క పూటలో నాలుగు వేగాలను నిరోధించే ఈ పనిని వ్యాయామమని ఎలా అనగలం?

కాబట్టి నా అభిప్రాయం ఇది. జట్టులో అందరికంటె బలహీనుడెవడో అతని అర్ధశక్తే జట్టంతటికీ కొలత కావాలి. అతను నోటితో ఊపిరి తీసిన చోట అందరూ దిగాలి. అతను అడగవలసిన అవసరం రాకూడదు. మిగిలినవారే గమనించి ఆగాలి.

ఇది ముసలి వైద్యుడి చాదస్తమని కొందరు అనుకోవచ్చు. దూరపు సైకిలు యాత్రలకు పుట్టినిల్లయిన దేశాలలో కూడ ఈ ఆలోచన ఉన్నది. 1897లో ఇటలీలో కొందరు రోము నుంచి నేపుల్సు వరకు 230 కిలోమీటర్లు సూర్యోదయ, సూర్యాస్తమయాల మధ్య తొక్కారు. వారి స్ఫూర్తితో ఫ్రాన్సులో ఆన్రీ దెగ్రాంజ్ 1904లో 'ఆడాక్స్' అనే పద్ధతిని ప్రవేశపెట్టాడు. అందులో జట్టంతా ఒకే నిలకడ వేగంతో సాగుతుంది. నాయకుడిని దాటి ముందుకు పోరాదు. అయితే 1921 తరువాత ఎవరి వేగంతో వారు వెళ్లే మరొక పద్ధతి కూడ వచ్చింది. మన దేశంలో హైదరాబాదు మొదలైన నగరాలలో నేడు జరిగే దూరయాత్రలు ఎక్కువగా ఈ రెండవ తరహావే. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 600 కిలోమీటర్లకు 40 గంటలు గడువు. అభ్యాసం చేసినవారికి అది తగినదే కావచ్చు. మిత్రులతో సరదాగా బయలుదేరే గృహస్థులకు మొదటి పద్ధతే శ్రేయస్కరం. అందులోనూ వేగాన్ని అంకెతో కాక, బలహీనుని ఊపిరితో నిర్ణయించుకోవాలి.

"సగం బలంతోనే తొక్కితే బలం ఎప్పుడు పెరుగుతుంది?" అని యువకులు ప్రశ్నిస్తారు. బలం పెరిగితే దానిలో సగమూ పెరుగుతుంది. నేడు 20 కిలోమీటర్లకు రొప్పినవాడు క్రమంగా అభ్యసిస్తే మూడు నెలలకు 50 కిలోమీటర్లు సుఖంగా తొక్కవచ్చు. "నెమ్మదిగా పోతే బలవంతులకు విసుగు" అన్నది రెండవ ఆక్షేపణ. దానికీ ఉపాయం ఉన్నది. మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురైనప్పుడు బలవంతులు వంతులవారీగా ముందు నిలవాలి. ముందువాడు గాలిని చీల్చుకొని వెళ్తే వెనుకవాడికి శ్రమ బాగా తగ్గుతుంది. బలవంతుడి అదనపు బలానికి ఇంతకంటె మంచి వినియోగం లేదు. అయితే కుక్కలు, పశువులు అడ్డుపడే మన రోడ్లపై చక్రానికి చక్రం ఆనించినట్లు తొక్కరాదు.

ఇక కాలం సంగతి. పంచారామ యాత్ర అనగానే అందరికీ కార్తికమాసం గుర్తుకు వస్తుంది. కాని ఆశ్వయుజ, కార్తికాలు శరదృతువు. పిత్తం ప్రకోపించి ఉండే కాలం. అర్ధశక్తి వ్యాయామాన్ని శాస్త్రం శీతకాలానికి, వసంతానికి విధించి, మిగిలిన ఋతువులలో ఇంకా తగ్గించమన్నది. పైగా కార్తికంలో మా ప్రాంతపు వరికోతలు మొదలై ధాన్యాన్ని రోడ్ల అంచున ఆరబోస్తారు. చీకటిలో ఆ గింజలపై చక్రం జారితే పక్కనే కాలువ. కార్తికంలో బస్సులో దర్శనం చేసుకొని, సైకిలు యాత్రను మార్గశిరం నుంచి మాఘం లోపల పెట్టుకొమ్మని నా సలహా. చైత్రం శాస్త్రరీత్యా వసంతమే అయినా మా తీరంలో ఎండలు అప్పటికే ముదురుతాయి. ఉక్కలో చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు.

ఆహారపానీయాలలో ఈ జాగ్రత్తలు చాలును. బయలుదేరడానికి గంట ముందు రెండు మూడు ఇడ్లీలో, కొంచెం ఉప్మావో తీసుకోవాలి. అజీర్ణం ఉన్ననాడు ప్రయాణమే మానాలి. దారిలో గంటకొకసారి అరటిపండు, బెల్లపు ముక్క, కొబ్బరినీళ్లు మంచివి. దప్పిక తీరేంతగా నీరు తాగాలి గాని, చెమటతో ఉప్పు పోతుండగా ఉత్త నీరే లీటర్ల కొద్దీ తాగరాదు. రక్తంలో ఉప్పు పలుచబడి తలనొప్పి, వాంతి, మతిభ్రమ కలుగుతాయని ఆధునిక వైద్యం కూడ చెప్తున్నది. ఉప్పు, జీలకర్రపొడి కలిపిన పలుచని మజ్జిగ ఇందుకు శ్రేష్ఠం. రక్తపు పోటు, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారు తమ వైద్యుని అనుమతి లేక యిట్టి యాత్రకు పూనుకోరాదు.

గమ్యం చేరిన తరువాత కూడ తొందర కూడదు. ద్రాక్షారామం చేరగానే చెమట ఆరకముందే సప్తగోదావరిలో మునిగేవారున్నారు. వేడెక్కిన శరీరాన్ని హఠాత్తుగా చన్నీటిలో ముంచరాదు. అరగంట నీడన కూర్చుని, ఊపిరి నిలకడపడ్డాక స్నానం చేయాలి. భీమేశ్వరస్వామి లింగం రెండంతస్తుల ఎత్తున ఉండడంచేత పై భాగాన్ని దర్శించడానికి మెట్లు ఎక్కవలసి ఉంటుంది. పిక్కలు పట్టేసినవారు ఆ మెట్ల దగ్గర తొందరపడరాదు. ఇంటికి చేరాక నువ్వులనూనెతో కాళ్లకు, నడుముకు మర్దన చేసి, వేడినీళ్లతో స్నానం చేసి, నేతితో పెసరపప్పన్నం తిని త్వరగా నిద్రించాలి.

ఒక హెచ్చరిక మాత్రం గృహిణులతో సహా అందరూ గుర్తుంచుకోవాలి. తొక్కేటప్పుడు రొమ్ములో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట కనిపిస్తే అది వంటింటి వైద్యానికి లొంగేది కాదు. వెంటనే దింపి, కూర్చోబెట్టి, 108కి ఫోను చేయాలి. ఎండదెబ్బతో మాట తడబడితే నీడకు చేర్చి, ఒంటిపై నీళ్లు పోసి విసురుతూ ఆసుపత్రికి పంపాలి. ఇట్టి వేళ శొంఠి కషాయమని, అమృతాంజనమని కాలయాపన చేయరాదు.

జట్టుగా బయలుదేరే ముందు ఇకమీదట ఒక నియమం పెట్టుకోండి. ఎవరు ముందు చేరతారని కాక, మనలో ఎవరికి ముందు అలుపు వస్తుందని విచారించి, అతనిని ముందువరుసలో ఉంచండి. అతనితో పాటు అందరూ సాయంత్రానికి ఇల్లు చేరి, మరునాడు ఉదయం ఆకలితో, హుషారుగా నిద్ర లేస్తే ఆ యాత్ర వ్యాయామమైనట్లు లెక్క.